సీటు ఊడిపోయిన ఫైనల్

మొన్న ల్యాబ్‌లో ఒకతను మాటల మధ్యలో "ఆ వీల్‌చైర్ అమ్మాయి లేదూ, సైక్లిస్టు" అన్నాడు. జర్మన్ ట్రాక్ సైక్లిస్టు క్రిస్టినా ఫోగెల్ గురించి. అతను తప్పేమీ అనలేదు, జాలిగానే అన్నాడు. అయినా నాకు అప్పట్నుంచీ అదోలా ఉంది. ఇవాళ ఆదివారం, ఇక్కడ జర్మనీలోని కోట్‌బుస్‌లో షాపులన్నీ మూత. వంట అయ్యాక రియో ఒలింపిక్స్ స్ప్రింట్ ఫైనల్ మళ్లీ పెట్టుకుని చూశాను.

ట్రాక్ స్ప్రింట్ మొదటిసారి చూసేవాళ్లకు విసుగొస్తుంది. ఇద్దరే ఉంటారు. సైకిళ్లకు బ్రేకులుండవు, గేర్లు మార్చడం ఉండదు, పెడల్ తొక్కడం ఆపితే చక్రమూ ఆగాల్సిందే. మొదట్లో ఇద్దరూ నడకంత మెల్లగా పోతుంటారు. ముందున్న మనిషి మెడ తిప్పి వెనక్కి చూస్తూనే ఉంటుంది. ముందు వెళ్తే గాలినంతా తనే చీల్చుకోవాలి, వెనకుంటే ఆ శ్రమ తప్పుతుంది. అందుకే ఎవరూ తొందరపడరు. ఒక్కోసారి ఏటవాలుగా ఉండే ట్రాక్ పైఅంచుకు ఎక్కి దాదాపు ఆగిపోతారు. తర్వాత ఎవరో ఒకరు అక్కణ్నుంచి కిందికి దూకుతారు. ఆ చివరి రెండు వందల మీటర్లు పదకొండు సెకన్ల వ్యవహారం.

నాకు నచ్చేది ఆ పదకొండు సెకన్లు కాదు, అంతకుముందు నడిచే నాటకం. ఫోగెల్ అందులో దిట్ట. ప్రత్యర్థి ఎప్పుడు కదులుతుందో ముందే తెలిసినట్టు కూర్చునేది.

2016 ఫైనల్లో ఎదురుగా ఉన్నది బ్రిటన్ అమ్మాయి బెకీ జేమ్స్. మూడింట రెండు గెలవాలి. మొదటిది ఫోగెల్‌దే. రెండోదాంట్లో గీత దగ్గర ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. చేతులు చాచి సైకిల్‌ని ముందుకు తోసేసింది ఫోగెల్. ఆ తోపుకి ఆమె సీటు ఊడి కిందపడింది. సీటు లేని సైకిల్ మీద, ఆ వేగంలో, పడకుండా నిలబడింది. స్వర్ణం. ఒలింపిక్స్‌లో మహిళల స్ప్రింట్ గెలిచిన మొదటి జర్మన్ ఆమే. ఆ క్షణాన్ని ఇవాళ మళ్లీ మళ్లీ వెనక్కి జరిపి చూశాను. సీటు ఎప్పుడు ఊడిందో కంటికి అందదు.

లండన్ 2012 కథ ఇంకా విచిత్రం. మహిళల టీమ్ స్ప్రింట్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది అప్పుడే. ఫోగెల్, మిరియం వెల్టె జోడీ. అప్పట్లో జట్టుకు ఇద్దరే: ఒక ల్యాప్ ముందున్న మనిషి లాగి పక్కకు తప్పుకోవాలి, రెండో ల్యాప్ వెనకున్న మనిషిది. ఆ మార్పిడి నిర్ణీత హద్దు లోపలే జరగాలి. బ్రిటన్ జట్టు అక్కడ తప్పు చేయడంతో జర్మనీకి ఫైనల్ దొరికింది. ఫైనల్లో చైనా ముందు వచ్చింది, కానీ వాళ్లదీ అదే తప్పు. స్వర్ణం జర్మనీకి వచ్చింది. అదృష్టం అంటారు కొందరు. హద్దు దాటకుండా ఉండటం కూడా ఆటలో భాగమే కదా, నేనైతే అదృష్టం అనను.

ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ల లెక్క వేరే. 2012లో మెల్‌బోర్న్‌తో మొదలుపెట్టి 2018 అపెల్డోర్న్ దాకా 11 స్వర్ణాలు. స్ప్రింట్‌లో నాలుగు, టీమ్ స్ప్రింట్‌లో నాలుగు, కేరిన్‌లో (మోటారు బండి వెనక మొదలయ్యే పందెం) మూడు. 2014లో కొలంబియాలోని కాలీలో ఈ మూడు పందేలూ ఒకేసారి గెలిచింది. ఆస్ట్రేలియా సైక్లిస్టు ఆనా మియర్స్ పేరున ఉన్న 11 స్వర్ణాల లెక్కని అందుకుంది. అప్పటికి ఫోగెల్‌కు 27 ఏళ్లు. పన్నెండోది వస్తుందా అని ఎవరూ అడగలేదు, ఎప్పుడు వస్తుందనే చూశారు.

ఇదంతా ఒక పెద్ద ప్రమాదం తర్వాత సాధించిందన్నది చాలామందికి గుర్తుండదు. 1990లో కిర్గిజ్‌స్తాన్‌లో పుట్టింది, పసితనంలోనే కుటుంబం జర్మనీకి వచ్చింది, ఎర్ఫుర్ట్ ఆమె ఊరైంది. 2009లో రోడ్డు మీద ప్రాక్టీస్ చేస్తుంటే వ్యాన్ గుద్దింది. రెండు రోజులు కోమాలో ఉంచారు. వెన్నుపూస, దవడ విరిగాయి, పళ్లు పోయాయి. అప్పుడు లేచింది.

రెండో ప్రమాదం ఈ కోట్‌బుస్‌లోనే. 2018 జూన్ 26, ఇక్కడి కాంక్రీట్ ట్రాక్ మీద ప్రాక్టీస్‌లో నెదర్లాండ్స్ యువ సైక్లిస్టు ఒకరిని ఢీకొంది. వెన్నుపాము తెగింది. ఛాతీ కిందనుంచి స్పర్శ లేదు. ఎవరో తన బూట్లు పట్టుకుపోతుంటే చూసిందట, విప్పినట్టు మాత్రం తెలియలేదట. ఇకపై నడవలేనని అప్పుడే అర్థమైందని తనే చెప్పింది. ఈ ముక్క దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఇవాళా అంతే, వీడియో ఆపేశాను.

ఈ ఊరికి స్ప్రింట్ కొత్త కాదు. మాస్కోలోనూ సియోల్‌లోనూ స్వర్ణం గెలిచిన లుట్జ్ హెస్లిష్ కోట్‌బుస్ క్లబ్ మనిషే. ఇక్కడ ట్రాక్ అంటే అభిమానం. 2018 తర్వాత అది ఇంకోలా కూడా గుర్తొస్తుంది, ఏం చేస్తాం.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. ఏం చేశావే పొద్దున్నుంచీ అంటే ఈ కథంతా చెప్పాను, సీటు ఊడిన దగ్గర్నుంచి మొదలుపెట్టి. ప్రమాదం చివర్లో చెప్పాను, కావాలనే.

"అయ్యో పాపం. మరిప్పుడేం చేస్తోంది ఆ పిల్ల?"

"టీవీలో సైక్లింగ్ గురించి మాట్లాడుతుంది. టోక్యో ఒలింపిక్స్‌కి జెడ్‌డీఎఫ్ ఛానల్లో చెప్పింది. 2019లో ఎర్ఫుర్ట్ మున్సిపల్ కౌన్సిల్‌కి కూడా గెలిచింది."

"ఓహో. ఏ పార్టీ?"

"సీడీయూ. మెర్కెల్ పార్టీ."

అమ్మకి మెర్కెల్ బాగా తెలుసు. ఆవిడ ఇప్పుడెక్కడుంది, ఆరోగ్యం ఎలా ఉంది, అన్నేళ్లు ఎలా నెగ్గుకొచ్చింది అంటూ ఇంకో అరగంట అదే నడిచింది.