సొరకాయ, చూపుడు వేలు, కసాల్స్

పొద్దున సొరకాయ తరుగుతుంటే ఎడమచేతి చూపుడు వేలు తెగింది. పెద్ద గాయమేం కాదు. పసుపు అద్ది గుడ్డపీలిక చుట్టాను. కానీ వీణ మీద తీగ నొక్కాల్సింది ఆ వేలితోనే. రక్తం కడుక్కుంటుంటే ముందు తోచింది నొప్పి కాదు, "హమ్మయ్య, వారం రోజులు సాధన తప్పింది" అని. నలభై దాటాక ముచ్చటపడి, టీచరుగారిని బతిమాలి మరీ చేరినదాన్ని. సిగ్గేసింది.

అప్పుడే పాబ్లో కసాల్స్ గుర్తొచ్చాడు. స్పెయిన్‌లో కాటలోనియావాడు, చెల్లో అనే పెద్ద వయొలిన్‌లాంటి వాద్యంలో విద్వాంసుడు. 1901లో అమెరికా వెళ్ళినప్పుడు, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర కొండ దిగుతుంటే ఒక రాయి దొర్లివచ్చి ఆయన ఎడమచేతి వేళ్ళ మీద పడింది. నలిగిన వేళ్ళు చూసుకోగానే మనసులో మెదిలింది, దేవుడి దయవల్ల ఇక చెల్లో వాయించక్కర్లేదు అనేనట. ఈ మాట ఆయనే చెప్పుకున్నాడు. అంతటివాడికే అలా అనిపిస్తే, రెండు వర్ణాలు రాని నాకేం!

అన్నట్టు ఆయన కథ మొదలైంది కూడా సొరబుర్రతోనే. ఎల్ వెండ్రెల్ అనే ఊళ్ళో తండ్రి చర్చిలో ఆర్గాన్ వాయించేవాడు. పిల్లవాడి సరదా తీర్చడానికి ఎండిన బుర్రకి తీగ బిగించి చెల్లోలాంటిది చేయించాడు. మా వీణకున్నది ఫైబర్ బుర్ర.

పదమూడో ఏట, 1890లో, బార్సిలోనాలో ఒక పాత నోట్సుల దుకాణంలో ఆయనకి జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ఆరు చెల్లో సూట్లు, అంటే నాట్యగతుల వరసలు, దొరికాయి. అప్పట్లో వాటిని చేతి సాధనకి పనికొచ్చే పాఠాలుగానే చూసేవారు. మనం సరళీస్వరాలు కచేరీలో వాయిస్తామా, అలాగన్నమాట. ఆయన మాత్రం పన్నెండేళ్ళకు పైగా ఇంట్లో వాయించుకున్నాకే ఒక సూట్‌ని పూర్తిగా సభలో వినిపించాడు. పన్నెండేళ్ళు! నేను మూడు నెలలకే మోహన గీతం ఎప్పుడు చెప్తారని టీచరుగారి ప్రాణం తీశాను.

నన్ను ఎక్కువ పట్టింది మాత్రం ఆ తర్వాత కథ. స్పెయిన్ అంతర్యుద్ధంలో నియంత ఫ్రాంకో గెలిచాక కసాల్స్ దేశం వదిలి, సరిహద్దుకి అవతల ఫ్రాన్స్‌లోని ప్రాద్ అనే చిన్న ఊళ్ళో ఉన్నాడు. ప్రపంచయుద్ధం అయ్యాక కూడా పెద్ద దేశాలు ఫ్రాంకోని ఏమీ అనకపోయేసరికి కచేరీలే మానేశాడు. ఒకప్పుడు చెల్లో వదిలిపోతే బాగుణ్ణనుకున్న మనిషి, తనంతట తనే దాన్ని పక్కన పెట్టాడు. ఇది తప్పించుకోవడం కాదు, పంతం. ఆయన బయటికి రానంటే 1950లో, బాఖ్ పోయి రెండొందల ఏళ్ళయిన సందర్భంగా, సంగీతకారులే ప్రాద్‌కి వెళ్ళారు. అక్కడ మళ్ళీ వాయించాడు. 1971లో, తొంభై నాలుగేళ్ళ వయసులో, ఐక్యరాజ్యసమితికి తను స్వరపరిచిన గీతం అక్కడ పాడించి, తమ కాటలాన్ల 'పక్షుల పాట' వినిపించాడు.

సాయంత్రం ఫోన్‌లో ఆయన మొదటి సూట్ పెట్టాను. 1936కీ 1939కీ మధ్య, చాలావరకు స్పెయిన్‌లో అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లోనే, ఆరింటినీ రికార్డు చేశాడు. వెనక చిన్న గరగర. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అమ్మ కాసేపు విని, "తంబుర లేకుండా ఎలా వాయిస్తున్నాడే?" అంది. ఇంకాసేపటికి, "మంద్రం బాగుంది" అంది.

తర్వాత నా చెయ్యి చూసి, "మధ్యవేలు బాగానే ఉందిగా, దానితో అలంకారాలు వాయించుకో" అంది. వినపడనట్టు సొరకాయ కూర వడ్డించాను.