మామయ్య గారి చొక్కా రంగు

శనివారం

మామయ్య గారి చొక్కా ఏ రంగో సాయంత్రానికి గానీ తేలలేదు. ఇంట్లో అందరం దాన్ని నీలం చొక్కా అనే అంటాం. కొన్న కొత్తలో నీలమే అయ్యుంటుంది. ఉతికి ఉతికి, ఎండలో ఆరేసి ఆరేసి ఇప్పుడది నీలానికీ బూడిదరంగుకీ మధ్య ఎక్కడో నిలిచిపోయింది. భుజాల మీద ఒక రంగు, చంక దగ్గర ముడతల్లో ఇంకో రంగు, కాలర్ అంచు అరిగి పోగులు తేలినచోట దాదాపు తెలుపు. దాన్ని ఇల్లు తుడిచే గుడ్డల్లో కలిపెయ్యాలని అత్తయ్య ఎప్పట్నుంచో చూస్తున్నారు. మామయ్య గారు ఒప్పుకోరు. నేనూ ఆయన వైపే, బొమ్మ పూర్తయ్యేదాకా అయినా.

ఆయన పొద్దున్నే కిటికీ పక్కన చెక్క కుర్చీలో కూర్చుని పేపర్ చదువుతారు. నేను వెనక నుంచి వేస్తున్నాను. నాలుగంగుళాల చదరం కాన్వాస్. అందులో పట్టేది ఎంతని? ఒక వీపు, కుర్చీ పై పట్టీ, పేపర్ అంచు ఓ ముక్క, కిటికీలోంచి పడే వెలుతురు. అంతే.

"ఏమ్మా, అయిందా? సంపాదకీయం రెండోసారి చదువుతున్నాను," అన్నారు తల తిప్పకుండానే.

"లేవండి మామయ్యా, మిగతాది మీరు లేకపోయినా వేసుకుంటాను."

లేచి, కళ్ళజోడు సర్దుకుని, కాన్వాస్ చేతిలోకి తీసుకుని దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి చూశారు. "బాగానే ఉంది గానీ, ముఖం ఏదీ?"

ఇది ఎవరు చూసినా అడిగేదే. నేను ముఖాలు వెయ్యకపోవడానికి మొదటి కారణం చాలా మామూలుది. ఇంత చిన్న కాన్వాస్ మీద తల బొటనవేలి గోరంత వస్తుంది. అందులో ముక్కంటే ఒక చుక్క. ఆ చుక్క వెంట్రుకవాసి పక్కకి జరిగిందంటే మామయ్య గారు కాస్తా ఇంకెవరో అయిపోతారు. రెండో కారణం ఇంట్లోవాళ్ళు. ముఖం కనిపిస్తే చాలు, ప్రతివాళ్ళూ తీర్పరులే. పెదవులు అలా ఉండవంటారు, వయసు ఎక్కువ చూపించావంటారు. వీపు గురించి మాత్రం ఎవరికీ ఏ అభిప్రాయమూ ఉండదు.

అభిప్రాయం లేకపోయినా గుర్తు పట్టేస్తారు. నాకు వింతగా తోచేది అదే. మొన్న ఈ కాన్వాస్ మీద బర్న్ట్ అంబర్‌ని నీళ్ళతో పల్చన చేసి ఒట్టి గోధుమరంగు ఆకారం వేసి పెట్టాను. చొక్కా లేదు, కుర్చీ లేదు. పాప పక్కనుంచి పోతూ పోతూ "తాతయ్య!" అనేసింది. ఎలా తెలిసిందే అంటే, "తాతయ్యే కదా," అంది, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

తర్వాత నింపాదిగా చూసుకుంటే రెండు సంగతులు దొరికాయి. ఆయన కుడి భుజం ఎడమదానికన్నా కొంచెం దిగి ఉంటుంది. రెండోది మెడ. బైఫోకల్ కళ్ళజోడులో దగ్గరివి చదివే అద్దం కింది భాగంలో ఉంటుంది కదా, అందుకని పేపర్ చదివేటప్పుడు ఆయన గడ్డం పైకెత్తుతారు. గడ్డం లేస్తే మెడ వెనక చర్మం మడతపడి, కాలర్‌కి కాస్త పైన అడ్డంగా ఒక గీత పడుతుంది. ముందు నుంచి చూసేవాళ్ళకి కళ్ళజోడు కనిపిస్తుంది. వెనక నుంచి చూసే నాకు ఆ గీతే కళ్ళజోడు. ఇవాళ పొద్దుట కూర్చున్న సమయమంతా దానికే పోయింది. ఒకే మందంతో గీస్తే గీసినట్టుంటుంది, చర్మం మడతలా ఉండదు. ఎడమ చెవి వైపు సన్నగా మొదలై, మధ్యలో కొంచెం లావెక్కి, కుడివైపు నీడలో కలిసిపోవాలి. సన్నటి బ్రష్‌తో వేసి, అది ఆరేలోపు తడి వేలితో ఒక చివర అద్దితే సరిపోయింది.

నేను ఆక్రిలిక్ పట్టుకున్నది కళ గురించి ఏదో సిద్ధాంతం ఉండి కాదు, ఇంటి పనుల మధ్య కుదిరేది అదొక్కటే గనక. నూనె రంగులు ఆరడానికే రోజులు పడుతుంది. అన్నాళ్ళు తడి కాన్వాస్‌ని ఏ గదిలో, ఎవరి చెయ్యీ తగలకుండా దాస్తాం? ఆక్రిలిక్ పల్చగా వేస్తే నిమిషాల్లో ఆరిపోతుంది. వాషింగ్ మెషీన్ తిరుగుతున్నంతసేపట్లో రెండు పొరలు వెయ్యొచ్చు. ఒకసారి ఆరిన పొర నీళ్ళకి మళ్ళీ కరగదు కాబట్టి పైన వేస్తుంటే కిందది చెదిరిపోతుందన్న టెన్షన్ ఉండదు. పాలెట్ దగ్గరికొస్తే మాత్రం ఇదే సుగుణం పగబడుతుంది. ఫోన్ మోగిందని లేచి వెళ్ళొచ్చేసరికి కష్టపడి కలుపుకున్న రంగు మీద పొర కట్టేస్తుంది. అందుకే మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి తీసుకుని, అందులో తడి స్పాంజి పరిచి, పైన బటర్ పేపర్ వేసి, దాని మీదే రంగులు కలుపుతాను. మూత పెడితే మర్నాటికి కూడా తడిగానే ఉంటాయి. ఆ డబ్బాలో ఏముందో తెలియక మూత తీసినవాళ్ళ ముఖాలు చూడాలి.

ఇక చొక్కా. అల్ట్రామెరైన్ బ్లూలో బర్న్ట్ అంబర్ కలిపితే మంచి బూడిదరంగు వస్తుంది. ట్యూబులో వచ్చే నలుపుని తెలుపులో కలిపిన బూడిదకన్నా నాకిది నచ్చుతుంది, నీలం వైపో గోధుమ వైపో మనం కావలసినంత లాక్కోవచ్చు. అందులో టైటానియం వైట్ కొద్దికొద్దిగా కలుపుకుంటూ పోవాలి. చిక్కల్లా ఏమిటంటే, ఆక్రిలిక్‌లో తడి రంగు ఒకటి, ఆరిన రంగు ఒకటి. రంగు పొడిని పట్టి ఉంచే జిగురు నీళ్ళున్నంతసేపూ తెల్లగా మసగ్గా ఉంటుంది. నీళ్ళు ఎగిరిపోగానే అది తేటపడుతుంది, రంగు ఒక మెట్టు ముదురుతుంది. ముదురు రంగుల్లో ఈ తేడా మరీ తెలుస్తుంది. కాబట్టి తడి రంగుని చొక్కాతో పోల్చి చూసుకోవడం దండగ.

కాగితం పట్టీ మీద వరసగా చుక్కలు పెట్టి, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి, తీసుకెళ్ళి మామయ్య గారి భుజం మీద ఆనించి చూశాను. దర్జీకి కొలతలిచ్చే మనిషిలా చేతులు కాస్త ఎడంగా పెట్టి కదలకుండా నిలబడ్డారు పాపం. ఒక్క చుక్కా నప్పలేదు. అన్నీ చొక్కాకన్నా చల్లగా, అంటే నీలం వైపు మొగ్గి ఉన్నాయి. తెలుపు ఎక్కువ పడేకొద్దీ రంగు అలాగే చల్లబడుతుంది. యెల్లో ఓకర్‌ని గుండుసూది మొనకి అంటినంత తీసి కలిపాను. అప్పుడు దారికొచ్చింది. ఆ చొక్కాలో నీలం వెలిసిపోవడమే కాదు, ఎక్కడినుంచో కొంచెం పసుపు కూడా వచ్చి చేరిందన్నమాట. ఇన్నేళ్ళుగా ఇస్త్రీ చేస్తున్నా ఎప్పుడూ కంటపడలేదు.

తీరా పాలెట్ మీద చూస్తే ఆ రంగులో నీలం ఛాయే లేదు, అచ్చంగా బూడిద. తీసుకెళ్ళి కాన్వాస్ మీద కుర్చీ చెక్క పక్కన, ఆ నారింజ కలిసిన గోధుమరంగు పక్కన పెట్టేసరికి నీలమై కూర్చుంది! మేమందరం దాన్ని నీలం చొక్కా అంటున్నది ఆ కుర్చీ పుణ్యమేనేమో. ఈ మాయ మీద షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1839లో పెద్ద పుస్తకమే అచ్చు వేయించాడు. పారిస్‌లో బొమ్మల తివాచీలు నేసే గోబెలిన్ కార్ఖానాలో అద్దకం పని ఆయన చేతికింద ఉండేది. నల్ల దారంలో పస లేదని ఫిర్యాదులొస్తే పరీక్షించి చూసి, లోపం అద్దకంలో లేదు, దారానికి పక్కన నేసిన రంగుల్లో ఉందని తేల్చాడు. మనిషి 102 ఏళ్ళు బతికాడట. రంగుల గురించి ఎవరితో ఎంత వాదించాల్సి వచ్చినా టైముంది.

మధ్యాహ్నం "ముఖం ఏదీ" అన్నదానికి జవాబుగా మామయ్య గారికి ఫోన్‌లో హామర్స్‌హోయ్ బొమ్మలు చూపించాను. డెన్మార్క్ చిత్రకారుడు. 1898 నుంచి 1909 దాకా కోపెన్‌హేగన్‌లో ఒకే ఇంట్లో అద్దెకుండి, ఆ ఇంటి గదుల్నీ, గదుల్లో తన భార్య ఈడానీ మళ్ళీ మళ్ళీ వేశాడు. ఎక్కువసార్లు వెనక నుంచే. నల్ల గౌను, కొద్దిగా వంచిన మెడ, బూడిదరంగు గోడ, తెల్లటి తలుపు. ఆవిడ ఏం చేస్తోందో కూడా చాలావాటిలో తెలియదు. నాకైతే ఎంతసేపైనా చూడబుద్ధేస్తుంది.

మామయ్య గారు రెండు మూడు బొమ్మలు జరిపి, "ఈవిడకి కోపం వచ్చినట్టుందమ్మా," అన్నారు.

"రాదూ మరి? అన్నేళ్ళు అదే గదిలో నిలబెడితే," అన్నారు అత్తయ్య పక్క గదిలోంచి. ఆవిడ బొమ్మ చూడనేలేదు.

అత్తయ్యకి నా మీద వేరే ఫిర్యాదుంది. హాల్లో స్విచ్ బోర్డు వేస్తున్నాను పక్కనే ఇంకో కాన్వాస్ మీద. ఎవరిదో చార్జర్ వేలాడుతూ, దాని వైరు మెలికలు తిరిగి, ఆ ప్లగ్గుకి పాప తీసి తగిలించిన హెయిర్ బ్యాండ్లు, ఒకటి ఎరుపు, ఒకటి సాగిపోయిన నలుపు. మనుషులు లేరు, కానీ అందరూ ఉన్నారు. "పూలకుండీ వెయ్యి, కిటికీ వెయ్యి. ఆ వైర్లేంటి? చూసినవాళ్ళు ఇల్లు సర్దుకోరనుకుంటారు," అంటారు ఆవిడ. పూలకుండీలు వేసేవాళ్ళు లోకంలో బోలెడుమంది ఉన్నారు, వాటికి నా అవసరం లేదు. ఇంగ్లీషు చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 1967లో ఆక్రిలిక్‌తోనే వేసిన ఈతకొలను బొమ్మ గుర్తొస్తుంది. ఎనిమిదడుగుల చదరం. అందులో దూకిన మనిషి కనపడడు, దూకితే చిమ్మిన నీళ్ళే కనపడతాయి. మిగతా రంగంతా రోలర్‌తో చదునుగా వేసేసి, రెండు క్షణాల్లో అణిగిపోయే ఆ చిమ్మిన నీళ్ళకి మాత్రం చిన్న బ్రష్‌లతో రెండు వారాలు వెచ్చించాడు. అది అత్తయ్యకి వివరిద్దామని హాల్లోకి వెళ్ళేసరికి స్విచ్ బోర్డు శుభ్రంగా ఉంది. చార్జర్ చుట్టి డ్రాయర్‌లో పెట్టారు. హెయిర్ బ్యాండ్లు అద్దం దగ్గరికి చేరాయి. ఫోటో అయితే తీసి ఉంచుకున్నాను గానీ దాన్ని ఆకారానికే నమ్మొచ్చు, రంగుకి నమ్మకూడదు. మా ఫోన్ కెమెరాకి నీడలన్నీ నలుపే. రెండ్రోజులు ఆగితే బోర్డు దానంతటదే మళ్ళీ నిండుతుంది, అప్పుడు చూసుకోవచ్చు.

నాలుగింటికి పాప తనకీ కాన్వాస్ కావాలంది. ఇచ్చాను. రంగులు తనే తీసుకుంది, ఏరికోరి థాలో బ్లూ. అది చిటికెడు పడితే పక్కనున్న ఏ రంగునైనా మింగేస్తుంది. తెలుపు, ఎరుపు, పసుపు అన్నీ వరసగా నీలంలో మునిగాయి. చివరికి నీలం టేబులూ, నీలం గోడా, మధ్యలో టేబులుకన్నా పెద్దగా ఒక నీలం మనిషి. వెనక నుంచి. జుట్టు ముడిలో అడ్డంగా ఒక పుల్ల గుచ్చి ఉంది.

"ఎవరే ఇది?"

"నువ్వే."

పుల్ల కాదు, బ్రష్. పని మధ్యలో బ్రష్ జుట్టులో దోపుకుంటానని నాకు తెలుసు. కానీ ఎడం కాలు మడిచి కుర్చీ మీద పెట్టుకుని కూర్చుంటానని తెలియదు. నేనలా కూర్చోను అని వాదించబోతే అత్తయ్య వచ్చి చూసి, "అలాగే కూర్చుంటావు," అని వెళ్ళిపోయారు. ఇద్దరు సాక్షులయ్యాక ఇక చెప్పేదేముంది. కాలు దించి కూర్చున్నాను. కాసేపటికి చూసుకుంటే మళ్ళీ పైనే ఉంది.

రాత్రి బ్రష్‌లు కడిగాను. ముందు గుడ్డతో రంగంతా తుడిచేసి, ఆ తర్వాతే నీళ్ళు. లేకపోతే ఆక్రిలిక్‌లోని ప్లాస్టిక్ జిగురంతా కాలవలోకే పోతుంది, వెంట్రుకల మొదట్లో రంగు గట్టిపడిందంటే బ్రష్ కూడా పోతుంది. ఆరిన బొమ్మల్ని అల్మరాలో విడివిడిగా నిలబెట్టాను. ఎంత ఆరినా ఆక్రిలిక్ కొంచెం మెత్తగానే ఉంటుంది, వేడికి ఇంకాస్త మెత్తబడుతుంది. ఒకదాని మీద ఒకటి పేరిస్తే అంటుకుంటాయి. అత్తయ్య సర్దుడు ఆ అల్మరా దాకా రాకుండా చూసుకోవాలి.

అన్నీ అయ్యాక మా ఆయన వచ్చి టేబుల్ దగ్గర నిలబడ్డారు. "నాన్నని వేశావు, స్విచ్ బోర్డుని కూడా వేశావు. నా వంతు ఎప్పుడు?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే కుర్చీ లాక్కుని అటు తిరిగి కూర్చున్నారు. వీపు నిటారుగా, భుజాలు వెనక్కి, ఈ పెళ్ళయిన కాలమంతా నేనెప్పుడూ చూడని వాలకం.

"ఇది మీరు కాదు," అన్నాను.

"మరెవరు?"

రేపు బాత్రూంలో కుళాయి లీకు చూస్తానన్నారు. ఒక మోకాలు నేలకి ఆనించి, తల సింకు కిందికి దూర్చి, వెనక ఎవరో ఉండి అందిస్తారన్న నమ్మకంతో స్పానర్ కోసం చెయ్యి వెనక్కి చాపుతారు. వేస్తే ఆ చెయ్యీ, ఆ వంగిన వీపూ వెయ్యాలి. ముందే చెబితే రేపు కూడా నిటారుగా కూర్చునే కుళాయి బాగు చేస్తారు. చెప్పను.