యూకేలో తక్కువ ఖర్చుతో స్ట్రాంగ్ టీ బ్యాగులు

సెప్టెంబర్ ఇన్‌టేక్‌లో మన స్టూడెంట్లు యూకేలో దిగగానే మొదలవుతుంది, అక్కా ఇక్కడి టీ బ్యాగులు అస్సలు బాలేవు, ఎంతసేపు ఉంచినా నీళ్లలాగే ఉంటోంది అని. తర్వాత ఇండియన్ స్టోర్‌కి బస్ టికెట్ పెట్టుకుని వెళ్లి, అక్కడ ఎక్కువ రేటుకి మనకి తెలిసిన బ్రాండ్ బ్యాగులు తెచ్చుకుంటారు. పార్ట్‌టైమ్ జీతంలో రెంట్ పోగా మిగిలేదే తక్కువ, దాంట్లో ఇది అనవసరం. పక్కనున్న సూపర్‌మార్కెట్‌లోనే మంచి కడక్ టీ దొరుకుతుంది, ఏం చూసి కొనాలో తెలిస్తే చాలు.

ముందు డబ్బా మీద బరువు చూడండి. ఇండియాలో వంద బ్యాగుల డబ్బా చాలావరకు 200 గ్రాములు, అంటే బ్యాగుకి 2 గ్రాములు. ఇక్కడ యార్క్‌షైర్ టీ లాంటివి 80 బ్యాగులు 250 గ్రాములు వస్తాయి, అంటే ఒక్కోదాంట్లో 3 గ్రాముల పైనే. పాలు పోసుకునే టీకి ఈ ఒక్క గ్రాము తేడా చాలా పెద్దది. అందుకే 80 బ్యాగులు ఒక పౌండే అని కనపడగానే బుట్టలో వేసేయకండి, షెల్ఫ్ మీద రేటు కింద చిన్న అక్షరాలతో వంద గ్రాములకి ఎంతో రాసి ఉంటుంది, అది పోల్చుకోండి.

ఇంక బ్రాండ్ సంగతి. యార్క్‌షైర్ టీ బాగుంటుంది, నాకూ ఇష్టమే, కానీ ఆఫర్‌లో ఉన్నప్పుడే కొంటాను. మిగతా రోజులకి సూపర్‌మార్కెట్ సొంత బ్రాండే. సెయిన్స్‌బరీస్ వాళ్లకి రెడ్ లేబుల్ అని ఒకటుంది, మన బ్రూక్ బాండ్‌కీ దానికీ సంబంధం లేదు, అయినా పాలు పోస్తే రంగు నిలుస్తుంది. ఏ షాపులోనైనా మరీ చవక రకం వదిలేసి దానిపైన గోల్డ్ అనో ఎక్స్‌ట్రా స్ట్రాంగ్ అనో ఉండేది తీసుకోండి. ప్యాకెట్ వెనక అస్సాం, కెన్యా పేర్లు కనపడితే మంచిదే. ఎర్ల్ గ్రే మాత్రం వద్దు, అందులో బెర్గమోట్ అనే నిమ్మజాతి పండు వాసన, అల్లం వేస్తే ఇంకా ఘోరం. ఆ పిరమిడ్ ఆకారం బ్యాగుల్లో పెద్ద పెద్ద ఆకులు ఉంటాయి చూడండి, అవి చూడ్డానికి బాగుంటాయి, రేటూ ఎక్కువే, కానీ పాల టీకి పనికిరావు. మనం ఇంటి దగ్గర వాడే పొడి సీటీసీ, అంటే ఆకుని మెషిన్‌లో నలిపి, చించి, చుట్టి చేసే రకం, ఇక్కడి మామూలు బ్యాగుల్లో ఉండేదీ చాలావరకు అదే, సన్నగా నూరినట్టు ఉంటుంది కాబట్టి నిమిషాల్లో దిగిపోతుంది.

మరి దిగట్లేదని ఎందుకంటున్నారంటే, చాలామంది కప్పులో బ్యాగు వేసి, నీళ్లు పోసి, వెంటనే ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు కూడా పోసేస్తారు. అప్పుడు వేడి పడిపోతుంది, ఇంక డికాషన్ దిగదు. సలసలా కాగిన నీళ్లు కొంచెమే పోసి, పైన చిన్న ప్లేట్ మూతపెట్టి నాలుగు నిమిషాలు వదిలేయండి, పాలు ఆ తర్వాత. పాలు కూడా బ్లూ లేబుల్‌వి, హోల్ మిల్క్, అంటే వెన్న తీయనివి. గ్రీన్ లేబుల్‌వి, అంటే సగం వెన్న తీసిన సెమీ స్కిమ్డ్ పోసి చిక్కగా లేదంటే బ్యాగేం చేస్తుంది పాపం.

స్టవ్ ఖాళీగా ఉంటే నేనైతే ఇలా చేస్తాను. చిన్న గిన్నెలో అరకప్పు నీళ్లు, దంచిన అల్లం వేసి బాగా మరగనిచ్చి, స్టవ్ ఆపేసి, అప్పుడు బ్యాగు వేసి మూతపెడతాను. బ్యాగుని మాత్రం మరిగించకండి, పగిలిందంటే పొడంతా టీలోకి వచ్చేస్తుంది, వడకట్టుకోవాలి. గట్టిగా పిండినా వగరు వస్తుంది. నీళ్లు నల్లగా అయ్యాక బ్యాగు తీసేసి, పాలు, చక్కెర వేసి ఒక్క పొంగు రానివ్వండి. ఇంటి దగ్గర అమ్మ పెట్టే టీకి చాలా దగ్గరగా వస్తుంది, నిజంగా.

నీళ్ల వల్ల కూడా తేడా ఉంటుంది. లండన్‌కి దగ్గర్లో ఉన్న మా హాట్‌ఫీల్డ్‌లో, లండన్‌లో సున్నం ఎక్కువున్న నీళ్లు, టీ మీద తెట్టులాగా కడుతుంది, రుచి చప్పబడుతుంది. గ్లాస్గోలో ఉన్న ఫ్రెండ్‌కి అదే బ్యాగుతో ఎంతో బాగా వస్తుంది, అక్కడివి సాఫ్ట్ వాటర్, సున్నం తక్కువున్న నీళ్లు. ఇటువైపు ఉన్నవాళ్లు ఫిల్టర్ జగ్ ఉంటే ఆ నీళ్లు వాడండి, లేదంటే యార్క్‌షైర్ టీ వాళ్లదే హార్డ్ వాటర్‌కని, అంటే ఈ సున్నం నీళ్లకని వేరే డబ్బా వస్తుంది. కెటిల్ అడుగున తెల్లగా పేరుకున్నది కూడా అప్పుడప్పుడు వెనిగర్ పోసి కాచి కడిగేయండి.

ఇంట్లో నలుగురూ టీ తాగేవాళ్లయితే 240 బ్యాగుల ప్యాక్ కలిసి కొనుక్కోండి, చాలాసార్లు వంద గ్రాముల రేటు అందులోనే తక్కువ పడుతుంది. ప్యాకెట్ విప్పగానే గట్టి మూత ఉన్న డబ్బాలో పోసేయండి, మసాలాల అల్మరాలో మాత్రం పెట్టకండి, రెండ్రోజుల్లో టీ అంతా ధనియాల వాసన వస్తుంది.