వెయ్యి వోన్లకు మూడు పాటలు

దక్షిణ కొరియా నుంచి సెలవులకు నెల్లూరు వచ్చి పది రోజులైంది. ఇంటికొచ్చిన వాళ్ళంతా అడిగేవి రెండే ప్రశ్నలు, అక్కడ ఏం తింటున్నావు, బీటీఎస్ వాళ్ళని చూశావా. చూడలేదు గానీ వాళ్ళ భాషలో పాటలు పాడుతున్నాను అని చెప్తే ఒక్కరూ నమ్మడం లేదు, బడిలో ప్రార్థనకు కూడా గొంతు విప్పని పిల్లని కదా. అందుకే ఇదంతా ఎట్లా మొదలైందో రాసి పెట్టుకుంటున్నా.

నేనుండేది డేజన్‌లో. సియోల్‌లో కేటీఎక్స్ రైలెక్కితే గంట. చదువు కోసం వెళ్ళాను, మొదటి ఏడాదంతా ల్యాబ్, గది, ల్యాబ్, గది. మాట్లాడే నాలుగు మాటలూ ఇంగ్లీషులోనే, అవి కూడా మెల్లగా, తప్పు పోకుండా చూసుకుంటూ. ఒక ఆదివారం అమ్మకి ఫోన్ చేస్తే గొంతు పెగల్లేదు. శుక్రవారం సాయంత్రం నుంచి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు, అంతే కారణం. "జలుబు చేసిందా?" అంది అమ్మ. అవునన్నాను. ఆ అబద్ధం చాలా రోజులు నన్ను వదల్లేదు.

మా ల్యాబ్‌లో నా పక్క సీట్లో కూర్చునే అక్క ఉంది. అక్కడ ఆడపిల్లలు తమకంటే పెద్దమ్మాయిని 'ఒన్ని' అంటారు, మనం సొంత అక్క కాకపోయినా అక్కా అన్నట్టే. ఒక రాత్రి పని అయ్యాక ఆమె నన్ను కాయిన్ నోరెబాంగ్‌కి లాక్కెళ్ళింది. నోరె అంటే పాట, బాంగ్ అంటే గది. మన వీధుల్లో ఎస్టీడీ బూత్‌లు ఉండేవి చూడండి, దానికి రెండింతలు ఉంటుందేమో ఆ గది. ఎదురుగా స్క్రీను, రెండు మైకులు, మైకులకు తొడగడానికి పల్చటి తొడుగులు. మేం వెళ్ళే చోట వెయ్యి వోన్ల నోటు పెడితే మూడు పాటలు, మన డబ్బుల్లో 60 రూపాయలు అటూ ఇటూ. పాటకో నంబరు ఉంటుంది, రిమోట్‌లో కొడితే సంగీతం మొదలై మాటలు స్క్రీను మీదికొస్తాయి, పాడాల్సిన అక్షరం మీదికి రంగు పాకుతూ వస్తుంది. శ్రుతి అందకపోతే తగ్గించుకోవచ్చు, వేగమూ తగ్గించుకోవచ్చు, అయిపోయాక మార్కులు కూడా వేస్తుంది. పక్క గదిలో ఒకబ్బాయి ఒక్కడే గుండెలు పగిలేలా పాడుకుంటున్నాడు, గోడలోంచి వినపడుతోంది, ఎవరూ తొంగి కూడా చూడటం లేదు. పరీక్షలు రాసొచ్చి, ఆఫీసు నుంచి వస్తూ, ఒంటరిగా నాలుగు పాటలు పాడేసి బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోవడం అక్కడ మామూలేనట. నాకు అది చూశాక ప్రాణం లేచొచ్చింది.

వాళ్ళ లిపి హంగుల్ నాకు అప్పటికే వచ్చు. సేజాంగ్ రాజు హయాంలో 1443లో తయారై 1446లో ప్రకటించిన లిపి, ఇప్పుడు వాడేవి 24 మూల అక్షరాలే, వారం కూర్చుంటే వచ్చేస్తుంది. కానీ చదవడం వేరు, పాటతో పాటు పరిగెత్తడం వేరు. మొదటి రోజు నేను రెండో పదం కూడబలుక్కునే లోపు రంగు మూడో లైనుకి వెళ్ళిపోయింది.

అసలు కష్టం ఒన్ని చెప్పేదాకా నాకు తెలియలేదు. "నీ ప్రతి లైను చివరా ఒక తోక ఉంటోంది" అని ఫోన్‌లో రికార్డు చేసి వినిపించింది. నిజమే, ప్రేమ అనే మాటకి 'సరాంగ్' అని ఆగాల్సిన చోట నేను 'సరాంగు' అంటున్నా. మనది అజంత భాష, అచ్చుతో ముగిస్తేనే నోటికి తృప్తి, బస్‌ని బస్సు, కార్‌ని కారు చేసుకున్న వాళ్ళం. నాకు భలే సంతోషం వేసిన సంగతి ఏమిటంటే వాళ్ళు కూడా బస్ అనే మాటని 'స్' దగ్గర ఆపలేరు, చివర ఒక అచ్చు తగిలిస్తారు. పళ్ళు దగ్గర పెట్టి, పెదాలు గుండ్రంగా చుట్టకుండా పక్కలకు లాగి పలికే 'ఉ' లాంటి అచ్చు అది. మన దగ్గర లేదు, నాకు రావడానికి రెండు నెలలు పట్టింది, అద్దం ముందు నిలబడి మరీ నేర్చుకున్నా. ఒత్తులు మాత్రం తేలిగ్గా వచ్చేశాయి. గది అంటే బాంగ్, రొట్టె అంటే ప్పాంగ్. ల్యాబ్‌లో మిగతా దేశాల వాళ్ళు ఆ 'ప్ప' దగ్గర తంటాలు పడుతుంటే, అక్క, అప్ప, అత్త అంటూ పెరిగిన నోరు నాది. ఇంకా ఒకటి, వాళ్ళ 'నా' అంటే నేను, మాటల్లో 'నీ' అంటే అచ్చం మన నీ యే. ప్రేమ పాటల్లో ఆ రెండూ ఎన్నిసార్లు వస్తాయో లెక్కే లేదు, వచ్చిన ప్రతిసారీ తెలిసిన మనిషి ఎదురైనట్టు ఉంటుంది.

గొంతు విప్పాక కాళ్ళు కూడా కదిలాయి. శనివారం పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగొచ్చేవే అన్నీ, రూము అద్దెలు భరించలేం కదా. బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వచ్చే వారం పాట నేర్చుకోవడం, కిటికీలోంచి బోర్డులు చదవడం. బొరియాంగ్ దగ్గర దేచన్ బీచ్‌కి వెళ్ళాం, జూలైలో బురద పండగ జరిగే చోటు. మేం వెళ్ళినప్పుడు పండగేం లేదు, చలి. మధ్యాహ్నం నీళ్ళు ఎక్కడో దూరాన ఉన్నాయి, ఆ పడమటి తీరంలో ఆటుపోట్లు చాలా పెద్దవి. మైపాడులో సూర్యుడు సముద్రంలోంచి లేవడం చూసి పెరిగిన దాన్ని, సముద్రంలోకి దిగిపోవడం అదే మొదటిసారి చూడటం. మాట రాలేదు.

అయితే నన్ను కదిలించింది జొంజు. డేజన్ నుంచి బస్సులో గంటన్నర కూడా పట్టదు. పెంకుటిళ్ళ పాతపేట, మొలకలు వేసి కలుపుకునే అన్నం బిబింబాప్, ఫోటోలు అందరూ పెడతారు, అవి వదిలేస్తా. అక్కడ చిన్న హాల్లో పన్‌సోరి అనే పాడి చెప్పే కథ విన్నాను. ఒక గాయని చేతిలో విసనకర్ర పట్టుకుని నిలబడింది, పక్కన కింద కూర్చుని ఒకాయన డోలు వాయిస్తున్నాడు, అంతే, ఇంకెవరూ లేరు. ఇట్లాంటి పెద్ద కథలు ఇప్పుడు అయిదు మిగిలాయట, పూర్తిగా పాడితే గంటల తరబడి సాగుతాయి. 2003లో యునెస్కో గుర్తించిన కళ. ఆమె గొంతు జీరగా ఉంది, ఆ జీర కోసమే ఏళ్ళ తరబడి సాధన చేస్తారు. విసనకర్ర ఒక్కసారి ఫట్‌మని విప్పితే ఉత్తరం అయింది, మూస్తే కర్ర అయింది. డోలాయన మధ్యలో "ఒల్‌సీగు!" అంటాడు, వెనక నుంచి ముసలాయనెవరో "జోతా!" అంటాడు, బాగుంది అని. వినేవాళ్ళు అట్లా అనకపోతే ఆ పాట నిండదట. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకంటే ఇది నాకు తెలుసు. బుర్రకథలో వంతలు చేసే పని ఇదే. బాలు గారి నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పిన ఊరు మాది, మా అమ్మమ్మ హరికథల గురించి చెప్పేటప్పుడు ముందు జనం ఎట్లా విన్నారో చెప్పి తర్వాతే కథ చెప్తుంది.

తిరిగొచ్చాక నోరెబాంగ్‌లో ఒన్ని నా ప్రతి లైనుకీ "జోతా!" అనడం మొదలుపెట్టింది. నా గొంతు అంత పైకి వెళ్తుందని నాకే తెలీదు. విదేశీ విద్యార్థుల పోటీలో పాడాను కూడా, బహుమతి రాలేదు, రెండో చరణం మొదట్లో మాట మర్చిపోయి ఆగిపోయాను. ఆ చోటు ఇప్పటికీ నన్ను పట్టుకునే ఉంది.

నిన్న రాత్రి కరెంటు పోతే అందరం మిద్దె ఎక్కాం. అమ్మమ్మ చాప మీద పడుకుని "ఏదో పాడతా ఉన్నావంట గదా, పాడు" అంది. ఆ పాటే ఎత్తుకున్నా.

"ఏందే అది, అరవమా?"

"కాదమ్మమ్మా, కొరియా వాళ్ళది."

"నా, నీ అంటా ఉండాది, తెలిసినట్టే ఉండాది. పాడు పాడు."

పాడాను. లైను అయిన ప్రతిసారీ చీకట్లోంచి "ఊఁ" అంటోంది, చిన్నప్పుడు తను కథ చెప్తుంటే మేం ఊ కొట్టినట్టు. రెండో చరణం దగ్గర మళ్ళీ అదే చోట ఆగిపోయాను.

"ఊఁ," అంది అమ్మమ్మ. "ఆ తర్వాత?"