అప్పడాల మధ్య ఒంటికాలి మీద తీసిన బరంపురం

సెకండ్ హ్యాండ్‌లో ఒక డీఎస్ఎల్ఆర్ కెమెరా కొన్నా, దాంతో పాటు 18-55 కిట్ లెన్స్ (18 నుంచి 55 ఎంఎం దాకా జూమ్ అయ్యే మామూలు లెన్స్) వచ్చింది. మొదటి ఆదివారమే మా డాబా ఎక్కి ఊరంతా తీసేద్దాం అనుకున్నా. మాది ఒడిశాలో బరంపురం, బోర్డుల మీద బ్రహ్మపుర్ అని ఉంటాది గానీ మా ఇంట్లో ఎవరూ అలా అనరు. మిట్టమధ్యాహ్నం పన్నెండున్నరకి పైకెళ్తే అత్త అప్పటికే డాబా నిండా అప్పడాలు ఎండేసింది (ఎండ కాసిందంటే ఇక్కడ డాబాలు మనుషులవి కావు, అప్పడాలవి). తొక్కావో చూడు అని కిందనుంచే అరుస్తుంటే ఒక కాలు నీళ్ల ట్యాంకు దిమ్మ మీద పెట్టి, ఇంకోటి గాల్లో ఉంచి క్లిక్ కొట్టాను.

ఫ్రెండ్స్ గ్రూపులో పెడితే అందరూ సూపర్ అన్నారు. అబద్ధం ఎందుకు, ఆ రోజంతా మహా హుషారుగా ఉన్నా.

రాత్రికి హైదరాబాద్ నుంచి బావ నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఊరు కుడివైపుకి ఒరిగిపోయిందేటిరా, అన్ని బిల్డింగులూ జారిపోయేలా ఉన్నాయి అన్నాడు. ఆకాశం తెల్ల కాగితంలా ఉంది, ఫోటోలో మూడొంతులు అదే, కింద మీ పక్కింటోళ్ల బట్టలు, అసలు దేన్ని తీశావు అన్నాడు. దేన్ని ఏంటి, ఊరిని! కోపమొచ్చి రిప్లై కూడా ఇవ్వలేదు, మెసేజ్ మాత్రం మూడుసార్లు విన్నా.

ఒరిగింది అన్నాడు కదా అని ఎడిటింగ్‌లో వెనకున్న కొండల అంచుని తిన్నగా చేశా, చేస్తే బిల్డింగులు ఇంకా వంగిపోయాయి. కొండ ఎప్పుడైనా సమంగా ఉంటాదా! ఫోటో మధ్యలో ఉన్న బిల్డింగు నిలువు గోడని చూసి సరిచేయాలట, అది తెలియడానికి రెండు రోజులు పట్టింది. అంచుల్లో ఉన్న బిల్డింగులు అప్పటికీ లోపలికి ఒరిగే ఉన్నాయి, ఎందుకంటే నేను కెమెరాని పైకి ఎత్తి పట్టుకున్నా, ఎత్తకుండా నేరుగా పట్టుకుంటే ఆ గొడవే ఉండదు.

తర్వాత ప్రింట్ వేయిద్దామని మా వీధి చివర స్టూడియోకెళ్లా. అక్కడ మాస్టారు పెళ్లి ఫోటోలు తీసీ తీసీ జుట్టు తెల్లబడ్డ మనిషి, పొగడటం ఆయనకి చేతకాదు. ప్రింట్ తీసుకుని తలకిందులుగా తిప్పి నా ముందు పెట్టి, ఇప్పుడు నీ కన్ను ఎక్కడికి పోతంది బాబూ అన్నారు. నిజంగానే అలా తిప్పితే అది గుడి, ఇది మన వీధి అనే తెలివి పోయి ఉత్త ఆకారాలే కనపడ్డాయి, కన్ను పోయి పోయి తెల్ల ఆకాశంలోకి, అక్కడనుంచి బట్టల తీగ మీదకి. అప్పుడు స్కెచ్ పెన్ తీసి ఊరూ ఆకాశం కలిసే చోట గీత గీసుకుంటూ పోయారు, డాబాలు, కొబ్బరిచెట్టు, సెల్ టవరు, సరిగ్గా గుడి శిఖరం దగ్గరికొచ్చేసరికి పెన్ ఆగిపోయింది, ఎందుకంటే బట్టల తీగ సరిగ్గా శిఖరం కొసని కోసుకుంటూ పోయింది.

నేను ఊరుకోలేదు, బట్టలు లేని ఊరేంటండీ మాస్టారూ అన్నా. ఉంచుకో, ఎవరొద్దన్నారు, శిఖరాన్ని మాత్రం ఆకాశంలోకి వదిలెయ్యి, రెండడుగులు పక్కకి జరగడానికి నీకేటి కష్టం అన్నారు. అప్పడాలు ఉన్నాయని చెప్పలేకపోయా.

జూమ్ చేస్తే కొండలు పెద్దగా వస్తాయా అని కూడా అడిగా. ఉన్నచోటే ఉండి 18 నుంచి 55కి తిప్పితే కొండా ఊరూ రెండూ ఒకే లెక్కన పెరుగుతాయి, ఊరి పక్కన కొండ ఎంత పెద్దగా కనపడాలి అన్నది మారాలంటే నువ్వే కదలాలి అన్నారు. ఇది మాత్రం నాకు బాగా నచ్చింది. ఇన్నాళ్లూ లెన్సే అన్నీ చేస్తాదని అనుకున్నా.

బావకి సారీ చెప్పి మళ్లీ ఫోన్ చేశా. మధ్యాహ్నం వద్దు, ఎండ నెత్తిమీద ఉంటే గోడల్లో లోతు కనపడదు, పైగా మీకు సముద్రం గాలి తేమ కూడా ఉంటుంది (సముద్రం ఒడ్డునున్న గోపాల్‌పూర్ ఇక్కడికి సుమారు 15 కిలోమీటర్లు), దూరం అంతా పాలిపోతుంది, సూర్యుడు పోయాక బ్లూ అవర్‌లో (చీకటి పడేలోపు ఆకాశం నీలంగా ఉండే కాసేపు) తియ్యి, ఆకాశం వెలుగూ ఇళ్లల్లో లైట్లూ దాదాపు సమానంగా ఉండేది అప్పుడే కాబట్టి రెండూ ఒకే ఫోటోలో పడతాయి అన్నాడు. ఎన్నింటికి అంటే ఆరుకి అన్నాడు. డిసెంబర్‌లో సరిగ్గా ఆరుకి వెళ్తే కారు చీకటి! బావ చెప్పింది హైదరాబాద్ టైము. మనం వాళ్లకి రేఖాంశంలో ఆరు డిగ్రీల పైనే తూర్పున ఉన్నాం, డిగ్రీకి 4 నిమిషాలు ముందే సూర్యుడు పోతాడు, అంటే 25 నిమిషాలు, డిసెంబర్‌లో ఇంకో మూడు నాలుగు కూడా కలుస్తాయి. ఇక్కడ 5:15 ప్రాంతంలోనే సూర్యుడు పోతాడు. ఫీడ్‌బ్యాక్ కరెక్టే, ఊరే తేడా.

మర్నాడు 5:20కే పైకెళ్లా, అప్పడాలు ఎత్తేశారు కూడా. ట్రైపాడ్ లేదు కాబట్టి పిట్టగోడ మీద చిన్న బియ్యం సంచి పెట్టి దాంట్లో కెమెరాని కుదేశా. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100, లెన్స్ రంధ్రం ఎఫ్/8, వేలు తగిలి ఊగకుండా రెండు సెకన్ల టైమర్. మొదట షట్టర్ సెకను లోపు తెరిస్తే సరిపోయింది, చీకటి పడేకొద్దీ రెండు, నాలుగు సెకన్లకి పెంచుకుంటూ పోయా. ఆకాశాన్ని మూడోవంతుకి తగ్గించా, రెండడుగులు ఎడమకి జరిగా. బట్టలు ఒక మూలకి వచ్చాయి, శిఖరం ఒంటరిగా నిలబడింది.

మాస్టారు చూసి తలకిందులుగా తిప్పారు, మళ్లీ తిన్నగా తిప్పారు, ఏ సైజు కావాలి అని అడిగారు. అంతే.

అత్తకి చూపిస్తే కళ్లజోడు తెచ్చుకుని మరీ చూసింది. మెచ్చుకుంటుందని నిలబడ్డా. వీధులన్నీ వెలుగుతున్నాయి, మధ్యలో ఈ నల్ల ముక్క ఏటి అంది. చూస్తే అది మా వీధే, నెలనుంచి స్తంభం లైటు లేదు. కార్పొరేటర్‌కి పంపు అంది. పంపాను, ఇంకా చూసినట్టు లేదు.