నీలం తేలిన ప్లేట్లు

బుధవారం, రాత్రి

పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా బ్యాక్టీరియాను పెంచే మీడియం తయారీతోనే సరిపోయింది. లీటరు నీళ్లకు సోయా పిండి, మానిటాల్ అనే చక్కెర లాంటి పదార్థం, గడ్డకట్టించే అగార్ 20 గ్రాముల చొప్పున. నీళ్లు కుళాయివే. ప్రతి పనికీ శుద్ధి చేసిన నీళ్లు వాడే మా ల్యాబ్‌లో ఈ ఒక్కదానికీ కుళాయి తిప్పడం కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది. పిండి ముద్ద కట్టకుండా మధ్యలో నెమ్మదిగా కలిపి, రెండుసార్లు ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెట్టాలి. ఎవరికైనా అప్పగించవచ్చు గానీ, ఈ పని వదులుకోబుద్ధి కాదు.

పోయిన వారం వేసిన స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ అనే మట్టి బ్యాక్టీరియా ప్లేట్లు ఇంక్యుబేటర్ నుంచి తీశాను. మూత ఎత్తగానే తొలకరి మట్టి వాసన. వాన పడినప్పుడు మనందరికీ తెలిసిన ఆ వాసనకు మూలమైన జియోస్మిన్‌ను తయారుచేసేది ఈ జాతే. అగార్‌లోకి పాతుకుపోయిన కాలనీల మీద తెల్లటి నూగు, దాని మీద బూడిద రంగు స్పోర్ల (విత్తనాల్లాంటి కణాల) పొడి, ఆ పొడి మీద నిలిచిన సన్నటి నీలి చుక్కలు. ఆ నీలం పేరు ఆక్టినోరోడిన్. కొత్తగా చేరిన అమ్మాయి చేత ఆ రంగును గొట్టంలోకి తీయించి, ఒక దాంట్లో ఆమ్లం, ఒక దాంట్లో అమ్మోనియా వేయించాను. మొదటిది ఎర్రబడింది, రెండోది ముదురు నీలమైంది. ఆ అమ్మాయి చాలాసేపు గొట్టాలు పక్కన పెట్టలేదు.

ఈ రంగు నుంచి మందేమీ రాలేదు. 1954లో కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థిగా డేవిడ్ హాప్‌వుడ్ ఈ జీవి జన్యువుల మీద పని మొదలుపెట్టారు. దారాల్లా అల్లుకునే ఈ జీవులు బూజు జాతివా, బ్యాక్టీరియావా అన్న వాదనే అప్పటికి పూర్తిగా తేలలేదు. అంతకు పదకొండేళ్ల ముందే దీని దాయాది నుంచి క్షయ మందు స్ట్రెప్టోమైసిన్ దొరికింది. కంపెనీలన్నీ కొత్త మందుల కోసం ఊరూరి మట్టినీ జల్లెడ పడుతుంటే, ఆయన ఈ ఒక్కదాన్నే పట్టుకుని గ్లాస్గోకు, అక్కడి నుంచి 1968లో నార్విచ్‌లోని జాన్ ఇన్నెస్ సంస్థకు వెళ్లారు. కంటికి కనిపించే రంగు ఉండటమే ఆయనకు కలిసొచ్చింది. నీలం ఆగిపోయిందంటే ఏదో జన్యువు చెడినట్టే. అలా రంగు పోయిన కాలనీలను వెతికి పట్టుకుని, వాటికి డీఎన్ఏ తునకలు అందించి, నీలం ఎక్కడ తిరిగొస్తుందో చూస్తూ పోయారు. 1984లో సహపరిశోధకుడు మాల్‌పార్టిడాతో కలిసి ఆ జన్యువులన్నీ ఒకేచోట గుమిగూడి ఉన్నాయని చూపించారు. ఆ భాగాన్ని మొత్తంగా వేరే స్ట్రెప్టోమైసిస్‌లో పెడితే అదీ నీలం తయారుచేసింది. మరుసటి ఏడాది జపాన్ శాస్త్రవేత్త సతోషి ఓమురా తదితరులతో కలిసి, ఆ జన్యువులను మరో యాంటీబయాటిక్ తయారుచేసే జీవిలోకి చేర్చి, ప్రకృతిలో లేని మెడెర్రోడిన్ రాబట్టారు. ఈ ప్రయోగం గురించి చదివిన ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక్కడ నాకు మన యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు. ఆయన పరిశోధన విభాగాన్ని నడిపిన అమెరికా మందుల కంపెనీ లెడర్లీలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. దాన్ని తయారుచేసేదీ స్ట్రెప్టోమైసిసే. రెండేసి కార్బన్ల తునకలను పూసల్లా గుచ్చి, ఆ దండను మడిచి వలయాలుగా మార్చే ఎంజైములు ఆక్టినోరోడిన్‌కూ, ఆరియోమైసిన్‌కూ ఒకే కోవవి. మందు లోకానికి తెలిసిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆ బ్యాక్టీరియా దాన్ని ఎలా అల్లుతుందో తెలుసుకునే అవకాశం ఆయనకు లేకపోయింది. ఆయన ఇంకో ముప్పై ఏళ్లు బతికి ఉంటే ఈ రంగంలో ఏం చేసేవారో అనిపిస్తుంది.

2002లో సీలికలర్ జన్యుక్రమం మొత్తం చదివారు. 86 లక్షలకు పైగా డీఎన్ఏ అక్షరాలు, 7,825 జన్యువులు. ఇలాంటి రసాయనాలు తయారుచేసే జన్యు సముదాయాలు ఇరవైకి పైనే కనిపించాయి. దాదాపు అర్ధ శతాబ్దం కళ్ల ముందే పెరిగిన జీవిలో అప్పటిదాకా బయటపడినవి ఏ నాలుగైదో. మిగతావి మన ప్లేట్ల మీద నోరు విప్పనే లేదు. కొత్త మట్టి కోసం అడవులకూ సముద్రాలకూ వెళ్లడాన్ని నేను కాదనను. కానీ ఫ్రీజర్‌లో ఉన్నవాటిని పూర్తిగా వినకముందే ముగించేస్తున్నామని నా గట్టి నమ్మకం.

మా దగ్గర చెరువుగట్టు మట్టి నుంచి తీసిన స్ట్రెప్టోమైసిస్ ఒకటి ఉంది. జన్యుక్రమం చూస్తే సముదాయాలు బోలెడు. ప్లేటు మీద చూస్తే పల్చటి గోధుమరంగు తప్ప ఏమీ లేదు. సాయంత్రం ఆ అమ్మాయీ నేనూ దానికి ఏం పెట్టాలో కూర్చుని ఆలోచించాం. తిండి తక్కువైన మీడియంలో ఎన్-అసిటైల్ గ్లూకోసమైన్ అనే చక్కెర రకం పదార్థం కలిపితే సీలికలర్ నీలం ముందుగా మొదలవుతుంది. పుష్టిగా ఉన్న మీడియంలో అదే పదార్థం దాన్ని ఆపేస్తుంది. దీనికీ రెండు రకాలూ వేసి చూద్దామన్నాను. పక్కనే పోటీకి బాసిల్లస్ అనే మరో బ్యాక్టీరియా గీత కూడా గీద్దామని ఆ అమ్మాయి అంది. మంచి ఆలోచన. రేపు పొద్దున్నే స్పోర్లు బయటికి తీయాలి.