బ్లీచ్ వాసన కోసం ఎదురుచూపులు

పొద్దున్నే మా క్యాంపర్ వ్యాన్‌లో (సింకు, షవర్, నీళ్ల ట్యాంకు అన్నీ లోపలే ఉన్న బండి) కుళాయి తిప్పి, గ్లాసు నింపి ఓ గుక్క నోట్లో పోసుకున్నా, వెంటనే ఉమ్మేశా. తడిగుడ్డ ఆరెయ్యకుండా మూలన పడేస్తే వచ్చే కంపు. రెండు నెలలుగా బండి కదల్లేదు, ట్యాంకులో సగం నీళ్లు అలాగే వదిలేశానని అప్పుడు గుర్తొచ్చింది.

ఖాళీ చేసి, మూత తీసి చెయ్యి పెట్టా. చూడ్డానికి తెల్లగానే ఉంది కానీ లోపలి గోడలకి సన్నటి జిగట, వేళ్లు జారిపోతున్నాయి. దీంతోనే గొడవంతా. క్రిములు ఆ జిగటలో దాక్కుంటాయి, ఊరికే నీళ్లు పోసి తొలిస్తే పోవు. అందుకని మెత్తటి గుడ్డతో చెయ్యి అందినంత మేరా రుద్ది, ఆ తర్వాత బ్లీచ్. ట్యాంకు 70 లీటర్లది. 5 శాతం బ్లీచ్, సెంటు కలపని మామూలుది, లీటరుకి ఒక మిల్లీలీటరు చొప్పున 70 మిల్లీలీటర్లు బకెట్ నీళ్లలో కలిపి పోసి, ట్యాంకు నిండా నీళ్లు పట్టా.

ఇక పంపు వేసి, ఒక్కో కుళాయిలో బ్లీచ్ వాసన వచ్చేదాకా నీళ్లు వదలాలి. సింకు దగ్గర ఎంతసేపు నిలబడ్డా వాసన రాదే! నా ముక్కే పని చెయ్యట్లేదేమోనని సీసా మూత తీసి చూశా, భేషుగ్గా పని చేస్తోంది. ఇంకాస్త పోద్దామని సీసా ఎత్తాక వెలిగింది, సింకు కింద కార్బన్ ఫిల్టర్ తియ్యనే లేదు. ఆ బొగ్గు క్లోరిన్‌ని మింగేస్తుంటే కుళాయిదాకా వాసన ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా ఫిల్టర్ తర్వాతి పైపుకి మందే అందలేదన్నమాట. ఫిల్టర్ లోపలి బొగ్గు గొట్టం పీకి పారేసి (రెండు నెలలు తడిలో నానింది, ఎలాగూ మార్చాల్సిందే), ఖాళీ డబ్బా బిగించి మళ్లీ మొదలుపెడితే అర నిమిషంలో స్విమ్మింగ్ పూల్ వాసన గుప్పుమంది. ఆ వాసనకి అంత సంతోషపడతానని అనుకోలేదు. షవర్ సంగతి మర్చిపోబోయా, దానికీ వదిలా.

వాసన పోవాలంటే వెనిగర్ పొయ్యాలంటూ తమ్ముడు సీసా పట్టుకొచ్చాడు. లోపల బ్లీచ్ ఉంది, రెండూ కలిస్తే విషవాయువు వస్తుందిరా నాయనా అని వెనక్కి పంపించేశా.

రాత్రంతా అలాగే ఉంచి, రేపు ఖాళీ చేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో తొలవాలి. ప్రస్తుతానికి కుళాయిలన్నిటికీ టేపు చుట్టేశా, నిద్రమత్తులో నేనే తిప్పుకుని తాగేస్తానేమోనని.